మోచేతి మడత

గుర్రం తోలు మొండిది. కొత్తలో ఆ జాకెట్‌ని బల్ల మీద పెడితే, లోపల మనిషి లేకుండానే నిటారుగా నిలబడింది. "నాన్నా, దీన్ని నేను తొడుక్కోవాలా, ఇదే నన్ను తొడుక్కుంటుందా?" అని కొడుకు పొడుగోడు పగలబడి నవ్వాడు. తండ్రి నవ్వలేదు. ప్రతి కుట్టూ చేత్తో వేసింది ఆయనే మరి. "వేసుకుంటూ ఉండు. అదే దారికొస్తుంది," అన్నాడు.

వచ్చింది. పొడుగోడు దాన్ని ఒంటి మీంచి తీస్తే ఒట్టు. వాడి చేతులు ఎలా వంగితే మోచేతుల దగ్గర అలాగే మడతలు పడ్డాయి. తర్వాత వాడు జ్వరంతో పోయాడు. జాకెట్ మిగిలింది.

ముసలి తండ్రి దాన్ని తన తోలు దుకాణంలో, పీటకి ఎదురుగా, జిగురు కాచే పొయ్యి పక్కన తగిలించాడు. తలెత్తితే కనబడాలి. వచ్చిన వాళ్ళందరికీ చిలక్కి చెప్పినట్టు చెప్పేవాడు: తడిగుడ్డ గట్టిగా పిండి తుడవండి, నీడన ఆరనివ్వండి, సెగ తగలనివ్వకండి, వేలికొసతో కాస్త నూనె పట్టించండి, ముఖ్యంగా వాడండి. తన దాని జోలికి మాత్రం వెళ్ళలేదు. నూనె పెడితే తోలు మెత్తబడుతుంది. మెత్తబడితే మడతలు చెరిగిపోతాయి.

చలి ముదిరాక కోడలు వచ్చింది. పార్సిళ్ళు పంచే పనిలో కొత్తగా చేరింది. రోజంతా మోటారు సైకిలు మీదే.

"మావయ్యా, చలి ఎముకలు కొరికేస్తోంది. ఆ జాకెట్ ఇస్తారా?"

"నీకు వేరేది కుట్టిపెడతాలే."

"వేరేది నాకెందుకు?"

"అది వేసుకునేది కాదమ్మా."

"మరి? గోడకి చలేస్తుందనా?"

ఆమె లేచి వెళ్ళి జాకెట్ చెయ్యి పట్టుకుని వంచింది. చిటుక్కుమంది. మడత వెంటే తోలు చిట్లింది.

"అయ్యో, చింపేశాను!"

"నువ్వు కాదు." ఆయన చిట్లిన చోట వేలు పెట్టాడు. "నేనే. పొయ్యి పక్కన పెట్టి ఎండగట్టుకున్నా. నూనె పెడితే వాడి చెయ్యి పోతుందని..."

ఆమె జాకెట్ చెయ్యి వదిలేసింది.

"మా ఆయన తలగడ గలీబు నేనూ ఉతకలేదు మావయ్యా," అంది మెల్లగా. "బూజు పట్టింది."

ముసలాయన జాకెట్ అందుకున్నాడు. చేతి లోపలి గుడ్డ విప్పి, చిట్లిన చోట అడుగు నుంచి పల్చటి తోలు అతికి కుట్టాడు. తర్వాత వేళ్ళకి నూనె అద్దుకున్నాడు. రుద్దుతుంటే తోలు నల్లబడి, మెల్లగా వదులయింది. మడత వేలి కింద సాగిపోతోంది. చెయ్యి ఆగింది. మళ్ళీ రుద్దాడు. కోడలు కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

నూనె ఇంకాక ఆమె తొడుక్కుంది. చేతులు పొడుగయ్యాయి. అంచులు పైకి మడిచాడు.

"మోచెయ్యి వంచమ్మా."

వంచింది. కొత్త మడత పాతదానికి కాస్త పైన, ఇంకోచోట పడింది. ఆయన దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

"బాలేదా మావయ్యా?"

"ఇంకాస్త గట్టిగా వంచు," అన్నాడు. "కుదురుకోవాలి."