కొత్తగా లోపలికి వచ్చినవాళ్ళు

"ఏమోయ్, ఖాళీగానే ఉన్నావుగా, కాస్త టీ పెడుదూ!"

భర్త గదిలోంచి అలా కేకెయ్యడం పొద్దుటి నుంచి అది నాలుగోసారి. ఆమె ఖాళీగా లేదు. చెవులకు హెడ్‌సెట్ ఉంది, ఎదురుగా ఇస్త్రీ బల్ల మీద ల్యాప్‌టాప్ ఉంది, ఫోన్‌లో అవతల ఒక పెద్దాయన తన జ్వరమెంతో చూసి చెప్పడానికి కళ్ళజోడు వెతుక్కుంటున్నాడు. మహమ్మారి వచ్చి ఊరంతా తలుపులు బిగించుకున్నాక ఆమె పనిచేసే సహాయ కేంద్రం కూడా ఇంట్లోకే వచ్చేసింది. జబ్బుపడి ఒంటరిగా ఉన్నవాళ్ళకు రోజుకు రెండుసార్లు ఫోన్ చేసి, జ్వరమెంత, ఊపిరి ఎలా ఆడుతోంది అని అడిగి రాసుకోవాలి. భర్త ఆఫీసూ ఇంట్లోకే వచ్చింది. కాకపోతే ఆయన ఆఫీసుకి తలుపున్న గది దొరికింది. "నీదేముంది, మాట్లాడ్డమేగా, ఎక్కడ కూర్చున్నా ఒకటే" అన్నాడు మొదటిరోజే. నవ్వుతూనే అన్నాడు. ఆయన నవ్వుతూ అనే మాటలు ఆమెకు అప్పటికప్పుడు తగలవు. గిన్నెలు తోముతున్నప్పుడెప్పుడో గుచ్చుకుంటాయి. ఇక అత్తగారు సోఫాలో కూర్చునే ఇల్లంతా నడిపేది. "మా రోజుల్లో పదిమందికి వండి పెట్టి కూడా కిక్కురుమనేవాళ్ళం కాదమ్మాయ్" అనేది, కోడలు నోరు విప్పకముందే.

ఆమె ఫోన్ చెయ్యాల్సినవాళ్ళ జాబితాలో ఒక రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్ ఉండేది. డెబ్బై దాటిన మనిషి, ఇంట్లో ఒక్కతే. మూడోరోజు ఫోన్ చేసినప్పుడు ఆవిడ గొంతు బాగా నీరసంగా ఉంది.

"జ్వరమెంతో రోజూ అడుగుతావు, నేనూ చెబుతాను. నాకు భయంగా ఉందమ్మా. ఇంకేదైనా మాట్లాడు."

ఆమె చుట్టూ చూసింది. ఫోన్‌కీ ఫోన్‌కీ మధ్య తను కాగితాల వెనక గీకిన నాలుగు లైన్లు కనబడితే అవే చదివేసింది, గొంతు తగ్గించి. కన్నీటి సముద్రంలో ఒంటరి నావ తను అని ఏదో రాసుకుంది. అవతల కాసేపు దగ్గు. ఆ తర్వాత, అచ్చం క్లాసులో లేచి నిలబడమన్న గొంతు.

"నావ కొట్టెయ్. సముద్రం కూడా. నువ్వెప్పుడైనా పడవెక్కావా?"

"లేదు మేడం."

"మరి? ఇప్పుడు నీ ఎదురుగా ఏముందో చెప్పు."

"సింకు నిండా గిన్నెలున్నాయి మేడం."

"హమ్మయ్య. రేపటికి అది రాసుకురా."

ఫోన్ పెట్టేశాక ఆమెకు నవ్వాగలేదు. పెళ్ళయిన పన్నెండేళ్ళలో 'రేపటికి చేసిపెట్టు' అని ఎందరో అన్నారు గాని, 'రాసుకురా' అన్నది ఈవిడొక్కతే. మర్నాడు గిన్నెలు తోముతూ వాటిని మొదటిసారి పరీక్షగా చూసింది. ఎవరు ఏది ఎంగిలి చేశారో, ఎవరు తిన్న కంచంలో నీళ్ళు పోసి వదిలేశారో, ఎవరు ఆపాటి కూడా చెయ్యరో అన్నీ ఆ సింకులోనే ఉన్నాయి. చేతులు తుడుచుకోకుండానే రాసింది. కాగితం తడిసి అక్షరాలు అలుక్కుపోయాయి. మళ్ళీ రాసింది. హెడ్‌మిస్ట్రెస్ విని ఒక మాట మార్చమంది, ఒకటి తీసెయ్యమంది, ఒక్కచోట మాత్రం ఏమీ అనలేదు. అనకపోవడమే మెప్పు అని ఆమెకు రెండురోజులకు అర్థమైంది. ఆ రెండురోజుల్లోనే ఆవిడ జ్వరం దిగింది. పన్నెండోరోజుకు ఆవిడ పేరు జాబితాలోంచి పోయింది. సంతోషించాల్సిన సంగతే, సంతోషించింది కూడా. అయినా ఆ సాయంత్రం టీ మరిగి పొంగిపోయేదాకా పొయ్యి దగ్గర ఊరికే నిలబడింది.

మర్నాడు ఆవిడే ఫోన్ చేసింది.

"ఆదివారం పొద్దున పదకొండింటికి నా పాత పిల్లలంతా కంప్యూటర్లో కలుస్తున్నారు. తలా ఒక కవిత. నువ్వూ చదువుతున్నావు."

"నేనా? పదకొండంటే వంట టైము మేడం..."

"నేను అడగలేదమ్మా, చెప్పాను."

ఆదివారం ఆమె వంట పదింటికే ముగించి, ఇస్త్రీ బల్ల ముందు జుట్టు దువ్వుకుని కూర్చుంది. తెర మీద ముప్పై మొహాలు. తన వంతు వచ్చింది. గొంతు సవరించుకుని మొదలుపెట్టింది.

"తలుపులు మూసుకున్నాయని
ఊరంతా గోల పెడుతోంది.
నేనెక్కడికీ పోలేదు,
కొత్తగా లోపలికి వచ్చింది మీరే.
రండి, కూర్చోండి,
ఈ ఇంటికి కిటికీ ఎటుందో
ముందు నేను చూపిస్తాను..."

సరిగ్గా అక్కడ వెనకనించి గట్టిగా వినబడింది. "ఏమోయ్, భోజనం పెట్టేదేమైనా ఉందా లేదా?"

ఆమె గబగబా మైకు ఆపబోయింది. అంతలో ముప్పైమందీ ఒక్కసారిగా చప్పట్లు! ఎవరో "అబ్బ, ఏం ముగింపండీ!" అంటున్నారు. హెడ్‌మిస్ట్రెస్ నీళ్ళు తిరిగిన కళ్ళతో నవ్వుతూ అడిగింది. "ఆ గొంతెవరిదమ్మా? భలే సమయానికి అందుకున్నాడు!"

"మా ఆయనదండీ" అంది ఆమె, నవ్వు ఆపుకోలేక. "రిహార్సల్ అక్కర్లేకుండానే చేస్తారు."

గుమ్మంలో నిలబడ్డ భర్త మొహం కందగడ్డైంది. తెర ఆరిపోయేదాకా ఓపికపట్టి, "మన ఇంటి సంగతులు నలుగురిలో పెడతావా?" అన్నాడు.

ఆమె జవాబు చెప్పేలోపే సోఫాలోంచి కిలకిలమని నవ్వు. ఆ ఇంట్లో అత్తగారు అలా నవ్వగా ఇద్దరూ ఎప్పుడూ వినలేదు.

"అది పెట్టిందేముందిరా, అరిచింది నువ్వేగా!" అంది కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. లేచి వచ్చి ఇస్త్రీ బల్ల పక్కన నిలబడింది. "అమ్మాయ్... నేనూ పొయ్యి దగ్గర ఏవో మాటలు కట్టుకునేదాన్ని. పైకి అనేదాన్ని కాదు, లోపల్లోపలే. కొన్ని ఇంకా గుర్తున్నాయి. నాకు రాయడం రాదుగా. చెబితే రాస్తావా?"

కిక్కురుమనేవాళ్ళం కాదని ఇన్నాళ్ళూ చెప్పిన మనిషి వైపు ఆమె కళ్ళప్పగించి చూసింది. తన కుర్చీ ఆవిడకిచ్చి, తను సోఫా అంచున కూర్చుంది.

"ఏమండీ, అన్నీ వండే ఉన్నాయి. మీరు వడ్డించుకోండి, మా ఇద్దరికీ కూడా కంచాలు పెట్టండి. కాస్త ఆలస్యమవుతుంది మాకు."

ఆయన తల్లి వంక చూశాడు. అక్కడ ఏ సాయమూ దొరక్క వంటింట్లోకి నడిచాడు. గరిటె ఎక్కడుందని ఒకసారి అడిగాడు. ఎవరూ చెప్పలేదు. కాసేపటికి చప్పుడైంది, దొరికినట్టుంది.

ఆమె కొత్త కాగితం తీసి, పైన కలం ఆనించి ఆగింది.

"ముందు రాసినవాళ్ళ పేరు పెట్టాలి అత్తయ్యా. ఎలా రాయమంటారు?"

ఆ ఇంట్లో ఆవిడ అమ్మ, అత్తయ్య, ఫలానా వారి భార్య. అత్తగారు సిగ్గుపడి, కొంగు సర్దుకుని, అటూ ఇటూ చూసి, చిన్నపిల్ల క్లాసులో హాజరు పలికినంత స్పష్టంగా తన పేరు చెప్పింది.