గొర్రె తల తిన్న స్టేషన్ మాస్టరు

కొక్‌తాల్ జంక్షన్‌లో పొద్దున్నే ఉండే పని ఒకటే. చుట్టుపక్కల పొలాల నుంచి వచ్చిన ఉల్లిపాయల వ్యాగన్లను ఉత్తరానికి పోయే గూడ్సుబండికి తగిలించాలి. స్టేషన్ మాస్టరు యెర్మెక్‌కు అది కూడా సరిగ్గా చేతకాదు. చేతకానివాడి నెత్తిన టోపీ పెడితే మైదానమంతా తన అబ్బ సొమ్మే అనుకుంటాడు.

ముందురోజు డివిజన్ నుంచి పెద్దాఫీసరు వచ్చాడని యెర్మెక్ గొర్రెను కోయించాడు. పెద్ద అతిథికి ఇచ్చే గౌరవంగా ఉడికించిన తలను పెద్దాఫీసరు ముందు పెడితే ఆయన మర్యాదకు "మీరే కానివ్వండి" అన్నాడు. తండ్రి బతికున్నవాడు తల ముట్టకూడదని ఏ కజక్ ఇంట్లోనైనా పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. యెర్మెక్ తండ్రి దూసెన్, ఆ స్టేషన్‌లోనే పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరైనవాడు, ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. అయినా యెర్మెక్ ఆ తల నుంచి ఒక చెవి కోసుకుని నోట్లో వేసుకున్నాడు. పైగా వేళ్లు నాకాడు, వెధవ.

తెల్లారేసరికి వ్యాగన్లు కదలమని మొండికేశాయి. బ్రేకులు వదిలే ఉన్నాయి. ఇంజను గొంతు చించుకుంది. ఒక్క చక్రం తిరగలేదు. ఎవరూ ఆశ్చర్యపోలేదు. డ్రైవరు ఇంజను ఆపేసి టీ పెట్టుకున్నాడు.

ఉల్లి రైతు ఉల్మెకెన్ మాత్రం భగ్గుమంది. ఊరందరి పంటా ఆ వ్యాగన్లలోనే ఉంది. ఈ ఎండకు రేపటికల్లా కుళ్లి నీరవుతుంది.

"వ్యాగన్లకున్న సిగ్గు కూడా నీకు లేదేంట్రా? పోయి మీ నాన్నను క్షమించమని అడుగు!"

"నేను ఆఫీసర్నత్తా! అందరి ముందూ ఎలా అడుగుతాను?"

"అబ్బో, ఆఫీసరు! ఇనప డబ్బాలు కూడా ఖాతరు చెయ్యని ఆఫీసరు!"

సాయంత్రంలోగా బండి కదలకపోతే ఉద్యోగం ఊడుతుందని పెద్దాఫీసరు చెప్పాకే యెర్మెక్‌కు తండ్రి గుర్తొచ్చాడు. పరుగున వెళ్లి పట్టాల దగ్గరికి లాక్కొచ్చాడు.

"నాన్నా, తల నువ్వే తినమన్నావని వీటికి ఒక్క మాట చెప్పు."

"నేనన్నానా? వీటి దగ్గర అబద్ధం చెల్లదురా."

"చెప్తే నీ సొమ్మేం పోయింది? అయినా నీకు పళ్లే లేవు, తలతో ఏం చేసుకుంటావ్?"

దూసెన్‌కు కోపం కూడా రాలేదు. బూజుపట్టిన రొట్టెను చూసినట్టు కొడుకును చూశాడు. తర్వాత ఉల్మెకెన్ ముఖం చూశాడు. "ఉల్లిపాయలేం పాపం చేశాయిలే" అంటూ వెళ్లి మొదటి వ్యాగన్ మీద చెయ్యి వేశాడు.

"ఇతని తప్పేం లేదు. ఇతనికి తండ్రి లేడు."

వ్యాగన్లు కదిలాయి.

యెర్మెక్ పచ్చజెండా ఊపుతూ పెద్దాఫీసరు వైపు తిరిగి పళ్లికిలించాడు. ఆఖరి వ్యాగన్ దాటిపోయాక తండ్రి భుజం తట్టాడు.

"నా ఉద్యోగం నిలబెట్టావ్ నాన్నా! పద, ఇంటికెళ్దాం."

దూసెన్ టోపీ తీసి, దారిస్తూ పక్కకు జరిగాడు.

"మీరు వెళ్లండి, మాస్టరుగారూ. మీ ఇల్లెక్కడో నాకు తెలీదు."

ఉల్మెకెన్ తన లారీలో ఆయనకు చోటిచ్చింది.