నిద్ర చేయని ఇల్లు

మేము పాలు పొంగించిన ఇంటికి తలుపు లేదు. గుమ్మానికి మామిడాకులు కట్టాం, గడపకు పసుపు రాశాం, తలుపు తర్వాత బిగిస్తామన్నారు. లిఫ్టు తర్వాత. మంచినీళ్లు తర్వాత. కరెంటు మీటరు తర్వాత. ఇప్పుడు తలుచుకుంటే, అలాంటి ఇంట్లో గృహప్రవేశం చేసుకున్న మనిషి అన్నేళ్లు కాలేజీలో కెమిస్ట్రీ ఎలా చెప్పాడా అని నాకే ఆశ్చర్యం వేస్తుంది. ఒక్కటే ఊరట. ఆ భవనంలో ఫ్లాట్లు కొన్నవాళ్లందరం ఆ రోజు అదే పని చేశాం.

దానికి కారణం ముహూర్తం. బిల్డరు లక్ష్మీకాంత్ అందరికీ స్వయంగా ఫోన్ చేశాడు.

"ఆషాఢం వచ్చేస్తోంది మాస్టారూ. మళ్లీ మంచి రోజు దొరకాలి, అది అమ్మగారి నక్షత్రానికి కుదరాలి. పాలు పొంగించేసుకోండి. మిగిలిన పని ఎంతండీ, నెల్లో అయిపోతుంది."

అతను నా దగ్గర చదువుకున్నవాడు. ఫ్లాటు కొన్నది కూడా ఆ నమ్మకంతోనే. పురోహితుణ్ణి అతనే మాట్లాడాడు. గొల్లపూడి నుంచి ఆవును తెప్పించాడు. అది మెట్లెక్కనని మొరాయిస్తే, పార్కింగులోకి వచ్చింది కాబట్టి అన్ని ఫ్లాట్లలోకీ వచ్చినట్టేనని పురోహితుడు తేల్చేశాడు. ఫొటోగ్రాఫరు కంపెనీ తరఫున ఉచితం. అంత మర్యాదకు మేమంతా మురిసిపోయాం.

నా భార్య బాలత్రిపురసుందరికి మోకాళ్ల నొప్పులు. మాది నాలుగో అంతస్తు. లక్ష్మీకాంత్ ఒక ప్లాస్టిక్ కుర్చీ పట్టుకుని ఆవిడ వెనకే ఎక్కుతూ, మెట్ల మలుపు వచ్చినప్పుడల్లా కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. వంటింట్లో ఇటుకలు పేర్చి, చితుకులు వెలిగించి, ఆవిడ పాలగిన్నె పెట్టింది. కిటికీకి రెక్కలు లేవు. కృష్ణ మీది గాలి నేరుగా వంటింట్లోకి వచ్చి మంటను ఆర్పేస్తోంది. లక్ష్మీకాంత్ ఎక్కణ్ణుంచో ప్లైవుడ్ ముక్క తెచ్చి, రెండు చేతులతో కిటికీకి అడ్డం పట్టుకుని, పాలు పొంగేదాకా కదలకుండా నిలబడ్డాడు. కుర్చీ సంగతి, ప్లైవుడ్ సంగతి తర్వాత నేను ఫిర్యాదులో రాయలేదు. అలాంటివి రాయడానికి అందులో చోటు ఉండదు.

ఒక్క పని మిగిలిపోయింది. పాలు పొంగించిన రాత్రి ఆ ఇంట్లో పడుకోవాలి. నిద్ర చేయడం అంటారు. అదయ్యాకే ఇంట్లో చేరినట్టు లెక్క. సుందరి అందుకోసం చాప, దుప్పటి, రెండు దిండ్లు, దోమల చుట్టల పెట్టె మూట కట్టి తెచ్చింది. నీళ్లు లేవు, దీపం లేదు, బాల్కనీకి కమ్మీలు లేవు. సాయంత్రమయ్యేసరికి మూట విప్పకుండానే భవానీపురంలో మా అద్దె ఇంటికి తిరిగొచ్చాం. "నెల్లో వచ్చి నిద్ర చేద్దాంలెండి" అని ఆవిడే మూటను అటక ఎక్కించింది.

ఆ నెల ఎన్నటికీ పూర్తి కాలేదు. ఇసుక దొరకడం లేదన్నాడు లక్ష్మీకాంత్. పనివాళ్లు పండక్కి వెళ్లి రాలేదన్నాడు. లిఫ్టు కంపెనీవాళ్లు తననే మోసం చేశారని, నన్ను ఓదార్చమన్నట్టుగా చెప్పాడు. మరుసటి ఏడు సుందరికి జబ్బు చేసింది. ఆస్పత్రి మంచం మీద ఒకనాడు అడిగింది, వంటింటి కిటికీకి రెక్కలు బిగించారా అని. ఇంకా లేదన్నాను.

"అయ్యో, ఆ అబ్బాయికి చేతులు నొప్పెట్టడం లేదూ?" అంది.

పక్క మంచం ఆవిడ కూడా నవ్వింది. ఆ వారమే సుందరి పోయింది.

ఆ తర్వాతి ఏడు బుడమేరు వాగు పొంగి మా వీధి మునిగింది. మాది కింది వాటా. పుస్తకాలు, బీరువా, మంచాలు అన్నీ నానిపోయాయి. అటక మీద ఉన్న మూట మాత్రం పొడిగా ఉండిపోయింది. "వరద మాస్టారూ, ఏం చేస్తాం చెప్పండి" అన్నాడు లక్ష్మీకాంత్ ఫోన్లో. అతని భవనం దరిదాపులకు నీళ్లు రానేలేదు.

అప్పుడు రెరాకు వెళ్లాం. ఇళ్లు కట్టి అమ్మేవాళ్లు మాట తప్పితే, కొన్నవాళ్లు వెళ్లి చెప్పుకునే చోటు అది. మమ్మల్నందర్నీ కూడగట్టినవాడు గోపీనాథ్. గవర్నర్‌పేటలో చీరల హోల్‌సేల్ దుకాణం ఆయనది. మా పై అంతస్తు ఫ్లాటు ఆయనదే. అందరం వేర్వేరుగా ఫిర్యాదులు వేశాం. విచారణకు మొదట వచ్చేది నాది. నాది ఎటు తేలితే మిగతావీ అటేనని గోపీనాథ్ అందరికీ చెప్పాడు, నాకు రోజూ చెప్పాడు.

లక్ష్మీకాంత్ తరఫు జవాబు వచ్చిన రోజు గోపీనాథ్ దుకాణంలో పరుపుల మీద కూర్చున్నాం. చదివేకొద్దీ ఆయన మొహం జేవురించింది.

"వినండి మాస్టారూ. 'ఫిర్యాదీ శాస్త్రోక్తంగా గృహప్రవేశం చేసి, ఫ్లాటును స్వాధీనం చేసుకుని, నాటి నుంచి అందులోనే నివసిస్తున్నారు. ఫొటోలు జతపరచడమైనది.' ఫ్రీ ఫొటోగ్రాఫరు ఎందుకో తెలిసిందా? మనం పళ్లికిలించుకుని ఒక్కొక్కళ్లం నిలబడ్డాం. మా ఆవిడైతే రెండోసారి తియ్యమని అడిగి మరీ తీయించుకుంది."

"ఇప్పుడేమవుతుంది?"

"ఏమవుతుందా? ఇల్లు ఎప్పుడో అప్పజెప్పేశాను, ఇక నాకు సంబంధం లేదంటాడు. మీరు ఫిర్యాదు చెయ్యడం మానేసి నాలుగంతస్తులు బిందెతో నీళ్లు మోసుకోవచ్చు."

ఫొటోలు నా చేతికిచ్చాడు. పైనే ఉంది సుందరి. ఒక చేత్తో కొంగు అదిమి పట్టుకుని, పొంగుతున్న పాల వైపు వంగి నవ్వుతోంది. ఆ ఫొటో నేనెప్పుడూ చూడలేదు. ఉచితంగా తీయించినవాడు మాకెవరికీ కాపీలివ్వలేదు. కోపం రావాల్సిన సమయంలో అది నా చేతికొచ్చింది, ఏం చేయాలో తోచలేదు.

గోపీనాథ్ అప్పటికే ఉపాయం ఆలోచించాడు. "మనమంతా ఒకే మాట మీద ఉండాలి. అది గృహప్రవేశం కాదు. ఊరికే పూజ. పని తొందరగా అవ్వాలని చేసుకున్న పూజ. నేను అలాగే రాసిచ్చేశాను, మిగతావాళ్లూ ఇచ్చారు. మీరూ సంతకం పెట్టండి."

"మరి పాలో?"

"పాలు పొంగించలేదు మాస్టారూ. కాఫీకి పెట్టారు. పనివాళ్లకి కాఫీ."

"పట్టుచీర కట్టుకుని, ఇటుకల పొయ్యి మీద?"

"ఆవిడ ఓపిక ఆవిడది. మధ్యలో రెరావాళ్లకేంటి?"

నేను సంతకం పెట్టలేదు. ఆ సంగతి ఆయనకు సరిగ్గా చెప్పలేకపోయాను. గృహప్రవేశానికి దంపతులు కూర్చోవాలి. అది జరగలేదని నా చేత్తో రాసిస్తే, ఇల్లు వచ్చాక మళ్లీ చేసుకోవాలి. పక్కన ఎవరిని కూర్చోబెట్టుకుని చేయను? ఆవిడ మోకాళ్లు పట్టుకుని నాలుగంతస్తులు ఎక్కి చేసిన పని అది. కాఫీ అంటే నా నోట రాదు.

"మీ సత్యం మీకు బానే ఉంటుంది" అన్నాడు గోపీనాథ్, ఫొటోలు లాక్కుంటూ. "పోయేది మా అందరి లిఫ్టు."

అదీ నిజమే. దాంతో ఆ రాత్రి అన్నం సహించలేదు.

విచారణ రెండుసార్లు వాయిదా పడింది, రెండుసార్లూ లక్ష్మీకాంత్ వైపువాళ్లు అడిగితేనే. ఒకసారి కాగితాలు అందలేదన్నారు, ఒకసారి క్లయింటు ఊళ్లో లేడన్నారు. ఆ రెండోసారి కింద జ్యూస్ బండి దగ్గర ఆ క్లయింటే నాకు బత్తాయి రసం ఇప్పించబోయాడు. మూడోసారికి అందరం కూర్చున్నాం. లక్ష్మీకాంత్ లేచి నిలబడి నాకు నమస్కారం పెట్టాడు. అతని లాయరు శాంభవి అనే అమ్మాయి, చురుకైనది. విచారించే మెంబరు గారు నా వయసు మనిషి, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని ఫొటోలు చూస్తున్నారు.

"ఇవి అబద్ధమంటారా?" అని అడిగారు నన్ను.

వెనక బెంచీలో గోపీనాథ్ దగ్గాడు.

"కాదండి. గృహప్రవేశమే. పాలు మా ఆవిడే పొంగించింది."

దగ్గు ఆగిపోయింది. తిరిగి చూస్తే ఆయన రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఉన్నాడు.

శాంభవి లేచింది. "సార్, ఫిర్యాదీయే ఒప్పుకున్నారు. స్వాధీనం జరిగిపోయింది."

"ఉండమ్మా. ఈ ఫొటోలో, కిటికీ దగ్గర చెక్క పట్టుకుని నిలబడ్డదెవరు?"

ఆ అమ్మాయి ఫొటోను దగ్గరికి తెచ్చుకుంది, దూరంగా పట్టుకుంది. "మా క్లయింటు, సార్."

"ఎందుకూ?"

లక్ష్మీకాంత్ తనే చెప్పాడు. "గాలండీ. మంట ఆరిపోతుంటే."

"కిటికీ వేసుకుంటే సరిపోయేదిగా?"

"రెక్కలు అప్పటికింకా..." అంటూ లక్ష్మీకాంత్ లాయరు వైపు చూశాడు. నాకు అతని మీద జాలేసింది. ఆ రోజు అతను చేసిన మంచి పనే అతనికి ఎదురు తిరిగింది. జాలితో పాటు, ఆ జాలి పడుతున్న నా మీద విసుగూ వేసింది.

మెంబరు గారు నా వైపు తిరిగారు. "ఆ రాత్రి నిద్ర చేశారా అక్కడ?"

"లేదండి. మూట కట్టుకుని వెళ్లాం. నీళ్లూ దీపం లేక వెనక్కి తెచ్చేసుకున్నాం."

"తర్వాతెప్పుడైనా?"

"ఇంతవరకూ లేదండి. మూట ఇప్పటికీ అటక మీదే ఉంది. ఆవిడ లేదు."

శాంభవి మళ్లీ లేచింది, ఈసారి కాస్త నెమ్మదిగా. "సార్, నిద్ర చేయడమన్నది సంప్రదాయం. చట్టంలో అలాంటిది లేదు."

"పాలు పొంగించడం ఏ సెక్షనులో ఉందమ్మా?" అన్నారు ఆయన. "ఒక సంప్రదాయాన్ని మీరే ఆధారంగా తెచ్చారు. తెచ్చినప్పుడు పూర్తిగా తేవాలి కదా. సరే, అది పక్కన పెడదాం. భవనం పూర్తయిందని, జనం ఉండొచ్చని మునిసిపాలిటీ ఇచ్చే సర్టిఫికెట్ ఉందా?"

"దరఖాస్తు చేయబోతున్నాం, సార్."

ఆయన కళ్లజోడు కిందికి దించుకుని రాయడం మొదలుపెట్టారు.

తలుపులు, కిటికీలు, లిఫ్టు, నీళ్లు, సర్టిఫికెట్, అన్నిటికీ గడువు పెడుతూ కొన్ని వారాలకు ఉత్తర్వు వచ్చింది. ఫొటోలు స్వాధీనానికి రుజువు కావని అందులో ఒక వాక్యం ఉంది. విచారణ రోజు మెట్లు దిగుతుంటే లక్ష్మీకాంత్ నా చెయ్యి పట్టుకున్నాడు, జారిపడతానేమోనని.

"మాస్టారూ, మనసులో పెట్టుకోకండి. లిఫ్టు వెయ్యగానే మంచి రోజు చూసి నిద్ర చేద్దాం. ఫొటోగ్రాఫరు ఖర్చు నాదే."

"ఫొటోగ్రాఫరు వద్దు నాయనా. నీళ్లు రప్పించు."

గడువు దాటింది. ఇంకో గడువు అడిగారు. గోపీనాథ్ వారానికోసారి సైటుకు వెళ్లి, లిఫ్టు గుంటలోకి తొంగి చూసి, వాట్సాప్‌లో ఫొటో పెట్టి, కింద ఏమీ రాసేవాడు కాదు. చివరికి చలికాలం మొదట్లో లిఫ్టు కదిలింది, నీళ్లొచ్చాయి, సర్టిఫికెట్ వచ్చింది. తాళాలిస్తామని కబురు పెట్టారు.

మర్నాడు పొద్దున్నే గోపీనాథ్ ఫోన్. అంత నీరసంగా ఆయన మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

"మాస్టారూ, మూఢం వచ్చిందండి."

"ఎవరికి?"

"ఎవరికేంటండీ, ఊరందరికీ. ముహూర్తాల్లేవు. గృహప్రవేశాలు చెయ్యకూడదట. మాఘమాసం దాకా ఆగమంటున్నాడు పంతులు. ఇన్నేళ్లూ ఆ లక్ష్మీకాంత్‌తో కొట్టుకున్నాం, ఇప్పుడు శుక్రుడి మీద ఎక్కడ ఫిర్యాదు చేస్తాం?"

"అదేంటి, మీరూ ఆ రోజే పాలు పొంగించారుగా?"

"నేను పంతులుకి అదే చెప్పాను. 'కాదని మీరే రాసిచ్చారట కదండీ, జరగని దాని మీద నిద్ర ఎలా చేస్తారు' అన్నాడు. వాడికెవరు చెప్పారో. మా ఆవిడే చెప్పుంటుంది. తను కాఫీ పెట్టిందని రాసినందుకు నాతో ఇప్పటికీ సరిగ్గా మాట్లాడటం లేదు." నిట్టూర్చాడు. "మీకేంటండీ బాధ. మీది అయిపోయింది."

పంతుల్ని నేనూ అడిగాను. "పాలు పొంగించేశారు కదండీ" అన్నాడు ఆయన, పంచాంగం తెరవకుండానే. "నిద్రకు ముహూర్తంతో పనేముంది. వెళ్లి పడుకోండి."

ఆదివారం మధ్యాహ్నం అటక మీంచి మూట దింపి ఆటోలో వేసుకుని వెళ్లాను. లిఫ్టులో నాలుగో నంబరు నొక్కితే మూడో అంతస్తులో ఆగి, ఆలోచించుకుని, మళ్లీ కదిలింది. తలుపు ఉంది. తాళం రెండుసార్లు తిప్పితే తెరుచుకుంది. వంటింటి కిటికీకి రెక్కలున్నాయి. ఒకటి పూర్తిగా పడటం లేదు, కాగితం మడిచి సందులో పెట్టాను. ఇటుకలు పేర్చిన చోట నేల మీద కొత్త టైలు వేశారు. గోడ మీద మాత్రం, పెయింటు రెండు పూతలు వేసినా, పొగ మరక సన్నగా కనిపిస్తోంది. లక్ష్మీకాంత్‌తో పెయింటు సరిగా వేయలేదని పోట్లాడొచ్చు. పోట్లాడదలుచుకోలేదు.

మూట విప్పాను. ఆవిడ వేసిన ముడి బిగుసుకుపోయి గోళ్లకు లొంగలేదు, కత్తెర లేక పళ్లతో లాగాను. దోమల చుట్టలు పొడి పొడి అయ్యాయి. చాప పరిచి రెండు దిండ్లూ వేశాను.

ఫోన్ మోగింది. గోపీనాథ్.

"నీళ్లొస్తున్నాయా మాస్టారూ?"

వెళ్లి కుళాయి తిప్పి, వినిపించేలా ఫోను దగ్గర పెట్టాను.

"సన్నగా వస్తున్నట్టున్నాయే" అన్నాడు. "రేపే అడుగుదాం వాణ్ణి."

"రేపు అడుగుదాం" అన్నాను.