తీపికి తిరిగిన కాపలా

పెట్రోలు బంకు కింద ట్యాంకు కారుతోందని తెలిసిన రోజున వీధంతా గగ్గోలు పెట్టింది. నేల శుభ్రం చేసే కంపెనీవాళ్లు దిగి, బంకుకీ ఇళ్లకీ మధ్య వరసగా గొట్టాలు దించి, పెట్రోలు తినే బాక్టీరియాని మట్టిలోకి వదిలారు. తిండి జాడ తగిలితే చాలు, అవి తోకలాడించుకుంటూ అటే ఈదుతాయి. ఆ గొట్టాల్లో నీళ్లు తోడి పరీక్షించే ఉద్యోగం ఆమెది. అందుకే వాళ్లన్నయ్య ఆమెకి పురుగులమ్మ అని పేరు పెట్టాడు. బంకు వైపు నుంచి మొదటి ఇల్లు ఆయనదే. "నా పురుగులు కాపలా ఉన్నాయి, మీ బోరు నీళ్లు నిక్షేపంగా తాగు వదినా" అని కడుపుతో ఉన్న వదినకి భరోసా ఇచ్చింది కూడా ఈవిడే.

ఆ ఉదయం మైక్రోస్కోపు కింద చుక్కలో ఏదీ కదల్లేదు. గాజుపలక మార్చింది. ఇంకో గొట్టం నీళ్లు పెట్టింది. కాపలా వరస వరసంతా ఖాళీ! చివరికి అన్నయ్య పెరటిగోడ పక్క గొట్టంలో నీళ్లు చూసింది. అక్కడ ఇసకేస్తే రాలనంత సంత. తిండి ఉన్నచోటే ఇవి చేరతాయి. అంటే పెట్రోలు వదిన బోరు దాకా వచ్చేసిందన్నమాట.

అన్నయ్యకి ఫోను చేస్తే ఎత్తడు, ఆయనగారికి అదో జబ్బు. చేతి తొడుగులైనా విప్పకుండా పరుగు తీసింది.

పెరట్లో అన్నయ్య తను అమ్మే షర్బత్తులు కాచే షెడ్డు ముందు నిలబడి గుంటలోకి బకెట్టు వంచుతున్నాడు.

"ఏంటన్నయ్యా అది?" అంది రొప్పుతూ.

"పులిసిపోయిన పాకం. కాలవలో పోస్తే అందరూ తిడుతున్నారని కొన్నాళ్లుగా ఇక్కడే పోస్తున్నా. ఏం, మట్టే కదా?"

ఆమె అక్కడే కూలబడి పకపకా నవ్వింది. పోయిన ప్రాణం లేచొచ్చింది. "పెట్రోలు కోసం కాదు, నీ పాకం కోసం వచ్చాయి! డ్యూటీ ఎగ్గొట్టి మరీ వచ్చాయి!"

"పోనీలే, నీ పురుగులకైనా నా సరుకు విలువ తెలిసింది."

ఆమె నవ్వు సగంలోనే ఆగిపోయింది. తేలిగ్గా అరిగే తీపి దొరికాక పెట్రోలు ఎవరు తింటారు? మనమైనా తినం. మరి అవన్నీ ఇక్కడుంటే అక్కడ అడ్డం ఎవరున్నారు? నేలలో నీళ్లు పారేది బంకు నుంచి ఇటువైపే. గబుక్కున లేచి వంటింటి వైపు ఉరికింది.

"వదినా! ఆ నీళ్లు తాగకు!"

వదిన అప్పుడే ఖాళీ గ్లాసు దించి, పట్టుకున్న ముక్కు వదిలింది.

"ఏమైందమ్మా అంత కంగారు? నీళ్లు కంపు కొడుతున్నాయంటే, కడుపుతో ఉన్నప్పుడు అన్నీ అలాగే ఉంటాయన్నారు మీ అన్నయ్య. నువ్వు తాగమన్నావు కదా అని, ముక్కు మూసుకుని తాగేస్తున్నా."