కొస తెగిన మాట

లోగనాయకి మా షాపు మెట్టు మీద కూర్చుని అప్పటికి రెండు గంటలయింది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, ఆమె అడగనూ లేదు. తమిళమే ఎక్కువ వినబడే ముత్తియాల్‌పేటలో ఒక ఇరుకు సందులో వైర్‌లెస్ సెట్లు బాగుచేసే షాపు మాది. గనుల్లో డంపర్లు, క్రేన్లు నడిపేవాళ్లు మాట్లాడుకునే సెట్లు మా దగ్గరికి సర్వీసుకు వస్తాయి. బాగుచేసేది ఓనరు రఘునాథన్. పరీక్షించి కార్డు రాసేది నేను.

"ఆమెను పంపించేయి సుగంధీ," అన్నాడు రఘునాథన్ తల ఎత్తకుండానే. "గని ఆఫీసరు ఒంటిగంటకు వస్తాడు. అప్పుడు ఆ మొగం ఈడ కనపడగూడదు."

నేను వెళ్లి మెట్టు దగ్గర నిలబడ్డాను.

"తరిమేదానికి నిన్ను పంపినాడా పాపా?" అంది లోగనాయకి.

"ఆమాక్కా," అని ఒప్పుకున్నాను.

"తరిమినా, లేవలేదని పోయి చెప్పు."

ఆమె భర్త ఇరుసప్పన్ సున్నపురాయి గనిలో సిగ్నల్‌మాన్. ఆ గని ఇక్కడికి బస్సులో నాలుగు గంటల దూరం. మట్టి పారబోసే గట్టు అంచున నిలబడి, వెనక్కి వచ్చే డంపర్లకు సెట్టులో దారి చెప్పడం అతని పని. పదకొండు రోజుల కిందట ఆ అంచు విరిగి ఒక డంపరు దొర్లిపోయింది. దాన్ని నడుపుతున్నది లోగనాయకి తమ్ముడు ముకుందన్. మర్నాడు ఆసుపత్రిలో పోయాడు.

కంట్రోల్ రూములో ఇరుసప్పన్ గొంతు రికార్డయింది. "ముకుందా, రావ" అని ఉంది. అంతే. తెలుగులో రా అన్నా పిలుపే, తమిళంలో వా అన్నా పిలుపే. సిగ్నల్‌మానే పిలిచాడని గనివాళ్లు రాసుకున్నారు. లోగనాయకి తల్లి మణియమ్మ కూడా అదే నమ్మింది. కొడుకు శవం ఇంట్లో ఉండగా అల్లుణ్ని గడప తొక్కనివ్వలేదు.

ఆ రికార్డు గనివాళ్లు మాకూ పంపారు. విన్న రోజే అతని సెట్టు పరీక్ష కార్డు వెతికి తీశాను. ఇరుసప్పన్ చేతిలో ఉన్నది పద్నాలుగో నంబరు సెట్టు. ప్రమాదానికి మూడు వారాల ముందు అది మా బల్ల మీద ఉంది. మాట్లాడేటప్పుడు నొక్కిపట్టుకునే బటన్ పోతే, రఘునాథన్ కొత్తది తెప్పించలేదు. పాడైన సెట్టులోంచి ఒకటి పీకి వేశాడు. పరీక్షలో ఆయన షాపులోంచి "వన్ టూ త్రీ ఓవర్" అన్నాడు. వీధి చివర నిలబడిన నాకు "వన్ టూ త్రీ ఓవ" అనే వినిపించింది. చివరి మాట పలికేటప్పుడు ఎవరి వేలైనా కాస్త సడలుతుంది. మంచి బటన్ దానికి ఓర్చుకుంటుంది. ఇది ఓర్చుకోక అక్కడే కోసేస్తోంది.

వచ్చి చెప్పాను.

"ఓవర్‌లో సగం పోతే ఏం మునిగింది? మాట వచ్చింది గదా. ఓకే అని రాయి," అన్నాడు.

రాశాను. సంతకం చేశాను.

మాట ముగిసిందని ఓవర్ అనే అలవాటున్నవాళ్లకు నిజంగానే ఏమీ మునగదు. ఆ కోత ఓవర్‌నే తింటుంది. కానీ బావా బావమరుదులు ఒకరితో ఒకరు ఓవర్ అనుకోరు. ఇంట్లో మాట్లాడే తెలుగులోనే మాట్లాడుకుంటారు. ఆ తెలుగులో వద్దనడం మాట కొసన వస్తుంది.

ఒంటిగంటకు గని ఆఫీసరు అనంతరామన్ సంచిలో ఆ సెట్టుతో వచ్చాడు. ఆయనకు తెలుగు రాదు. "సెట్టులో లోపం లేదని కాగితం కావాలి. త్వరగా," అన్నాడు తమిళంలో.

లోగనాయకి లేచి గుమ్మంలోకి వచ్చింది. "సెట్టు మంచిదైతే నా మొగుడు చెడ్డోడా?"

"సెట్టుకు సొంత నోరు లేదమ్మా," అన్నాడు రఘునాథన్. "మీ ఆయన ఏం వాగినాడో అదే చెప్తుంది."

"వాగేది ఎవరో తెలస్తానే ఉండాది."

"నా ముందర పరీక్ష చేయండి. అరుపులు తర్వాత," అన్నాడు అనంతరామన్ విసుగ్గా.

"దానికేమి సార్. సుగంధీ, సార్‌ను మూల మీది బేకరీ దాకా పిలుచుకపో. వచ్చేటప్పుడు ఈమె నోరు యాడన్నా వదిలేసి రా."

మంచి సెట్టు ఒకటి తీసుకుని నడిచాను. పద్నాలుగో నంబరు రఘునాథన్ చేతిలో ఉంది. అనంతరామన్ ముందు, లోగనాయకి వెనక. మధ్యాహ్నం షట్టర్లు దించేసిన వీధిలో మా చెప్పుల చప్పుడే వినబడుతోంది.

"వన్ టూ త్రీ ఓవర్," అంది నా చేతిలోని సెట్టు. కొస దాకా వచ్చింది. బటన్ మీద వేలు బిగించి, మాట అయ్యాక కూడా వదలకుండా పట్టుకున్నాడని నాకు తెలిసింది. ఆయనకు తెలుసు.

"సరిగ్గా ఉంది కదా," అంటూ అనంతరామన్ వెనక్కి తిరిగాడు.

నేను బటన్ నొక్కాను. "సార్, రావద్దు అని ఒక్కసారి చెప్పండి."

సెట్టు గరగరలాడింది.

"ఏంది?"

"రావద్దు అనండి సార్."

"నువ్వెవరు నాకు పాఠం చెప్పేదానికి? పల్లె బడిలో చదివినదానికి కుర్చీ వేసి కూర్చోబెడితిని, నన్ను నేనే కొట్టుకోవాల. రేపట్నుంచి నువ్వు పనికి రావ"

అక్కడ తెగింది. కోపంలో వేలి సంగతి మరిచిపోయాడు.

అనంతరామన్ నా వైపు వంకరగా చూశాడు. "అంత తిట్టి, మళ్లీ వా అంటాడేమిటి? పనికి రమ్మనేనా?"

లోగనాయకి నా చేతిలోని సెట్టునే చూస్తోంది.

మేం తిరిగి వచ్చేసరికి రఘునాథన్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "రావద్దంటే మళ్లీ ఏంటికి వస్తివి?"

"రావద్దని ఎప్పుడు చెప్పినారు?" అంది లోగనాయకి.

"ఇప్పుడే గదా, సెట్టులో. ముగ్గురికీ చెవుడా?"

అనేశాక తన చేతిలోని సెట్టు వైపు చూసుకున్నాడు.

అనంతరామన్ నన్ను అడిగాడు. "రమ్మన్నాడా, వద్దన్నాడా?"

"వద్దన్నాడు సార్."

అనంతరామన్ ముఖం ఎర్రబడింది. "సర్వీసు అయిందని ఈ సెట్టు తీసుకున్నవాణ్ని నేను. ఇది బయటికొస్తే ముందు నా మెడకే చుట్టుకుంటుంది." సెట్టు లాక్కుని సంచిలో వేయబోయాడు. లోగనాయకి ఆ సంచి పట్టీ పట్టుకుంది.

"రాసి ఇచ్చి పోండి," అంది తమిళంలో. "లేకుంటే ఈ సందు దాటే దాకా అరుస్తా. ఆ మీద పోలీసు ఠాణా ముందర అరుస్తా."

అనంతరామన్ పట్టీ లాగి చూశాడు. ఆమె వదల్లేదు. చివరికి నా వైపు తిరిగి, "రాయి. నా ఎదురుగా జరిగింది మాత్రమే రాయి. ఒక్క మాట ఎక్కువుంటే నేను సంతకం పెట్టను," అన్నాడు.

"అది నా షాపు మనిషి కాదు," అన్నాడు రఘునాథన్.

"ఈరోజు దాకా మనిషినే సార్. రేపట్నుంచే గదా వద్దన్నారు," అన్నాను.

కూర్చుని తమిళంలో రెండు ప్రతులు రాశాను. మాట కొస తెగుతోందని, వద్దన్న మాట రమ్మన్నట్టు వినబడిందని. నేను సంతకం చేశాను. అనంతరామన్ నాలుగుసార్లు చదివి, తిట్టుకుంటూ కింద గిలికాడు. ఒక కాగితమూ సెట్టూ తీసుకుని వెళ్లిపోయాడు.

రెండో కాగితం లోగనాయకి పట్టుకుంది. ఆమెకు చదవడం రాదు. బల్ల మీద ఆ సెట్టు పాత పరీక్ష కార్డు ఉంటే, అది కూడా తీసి పక్కపక్కన పెట్టి చూసింది. రెండింటి కిందా వేలు పెట్టింది.

"ఈ రెండు గీతలూ ఒక చెయ్యే గదా?"

"ఒక చెయ్యేనక్కా."

"అప్పుడు ఏమని రాస్తివి?"

"బాగుందని."

"ఇప్పుడు?"

"బాగలేదని."

ఆమె కళ్లు తడవలేదు. రెండు కాగితాలూ మడిచి నడుముకు దోపుకుంది.

"ఒర్లియంపేటలో ఉంటాది మా అమ్మ. పద. రెండూ నీ నోటితోనే చెప్పాల. మొదట పాతది చెప్పు."

నేను నా టిఫిన్ డబ్బా తీసుకున్నాను. రఘునాథన్ నా వెనకే షట్టరు దించేశాడు.