కోకిల వెంట వచ్చిన బావి

గుడియాత్తం నేతగాళ్ల వీధిలో తెల్లవారితే ముందుగా మగ్గాల చప్పుడు వినిపిస్తుంది. నటేశన్ ఇంట్లో మాత్రం అంతకంటే ముందే నీళ్ల చప్పుడు మొదలయ్యేది. అతని భార్య కోకిల వంటింటి గడప దగ్గర గొంతుక్కూర్చుని చేతులు కడుక్కుంటూ ఉండేది. బూడిదతో తోమేది, చింతపండుతో రుద్దేది, బట్టల సబ్బు పట్టించేది. కడిగిన చేతిని వెలుతురుకు పట్టి చూసుకుని, గోళ్ల సందుల్లో ఏదో నీలంగా కనిపించినట్టయి మళ్లీ మొదటికొచ్చేది. చేద వేయడానికి పెరట్లోకి పోవలసిన పని కూడా లేదు. బావి గడప దాకా వచ్చి ఉండేది.

ఆ బావి కోకిల పుట్టింటిది. పేర్ణాంబట్టులో ఆమె పుట్టిన ఏడాదే దాన్ని తవ్వించారు. పెళ్లయి ఆమె ఎద్దులబండిలో అత్తగారింటికి బయలుదేరితే, బండి వెనకాలే అదీ బయలుదేరింది. పొద్దున్నే నటేశన్ తల్లి పంకజమ్మ పెరటి తలుపు తీసేసరికి మునగచెట్టు పక్కన రాతి ఒరతో, గిలకతో సహా నిలబడి ఉంది. పిల్లకు తోడొచ్చింది పాపం అనుకుని పంకజమ్మ దానికి పసుపూ కుంకుమా పెట్టింది. తియ్యటి నీళ్లు దొరికినందుకు వీధిలో ఆడవాళ్లు సంతోషించారు. కోకిల ఎటు మసిలితే బావి అటు జరిగేది. లేచిన చోట గుండ్రటి తడి మరక తప్ప గొయ్యి కూడా మిగిలేది కాదు. బండ్లు తిరిగే వేళకు వీధిలో అడ్డం లేకుండా ఉంటే చాలునని ఎదురింటి అప్పాసామి ఒకసారి అన్నాడు. అంతకు మించి దాని సంగతి ఎవరూ ఎత్తలేదు.

కోకిలకు కూతురు పుట్టింది. దేవాంగుల ఇంటి పిల్ల గనక కులదేవత పేరు చౌడేశ్వరి అని పెట్టి, చౌడీ అని పిలుచుకున్నారు. పిల్ల పాకే వయసుకు నటేశన్ లుంగీల నూలుకు ఇంట్లోనే సాయం, అంటే రంగు, వేయడం మొదలుపెట్టాడు. నూలు చిలపల్ని రంగు తొట్టిలో ముంచి పిండే పని కోకిలది. ఒకనాడు అప్పాసామి మేక పెరట్లోకి దూరి ఆ తొట్టిలో మూతి పెట్టింది. పొద్దుగూకేసరికి నురగలు కక్కి చచ్చింది. వీధి కొన్నాళ్లు ఆ ముచ్చట చెప్పుకుని మరిచిపోయింది. కోకిల మరిచిపోలేదు.

పిల్లకు పాలు పడుతుంటే, చేతికున్న సాయం అందులో పడిందేమోనని ఆమెకు తోచింది. పాలు పారబోసి, చేతులు కడుక్కుని, మళ్లీ కాచింది. అప్పుడు ఇంకో తలపు వచ్చింది. పొరపాటున కాదు, తానే కావాలని కలిపిందేమో. ఆ మాట తన లోపలినుంచే పుట్టింది. కన్నబిడ్డ మీద అలాంటి తలపు వచ్చిందంటే తనలో ఏదో పిశాచం ఉన్నట్టే గదా అనుకుంది. అప్పటినుంచి ఆ తలపును కడుక్కోవడమే ఆమె పనైపోయింది.

"పాలల్లో నేనేం కలపలేదు గదా?" అని మొగుణ్ని అడిగేది.

"లేదులే" అనేవాడు నటేశన్ మగ్గం గుంటలోంచే.

"మీరు సూస్తిరా?"

"సూస్తిని."

ఆ జవాబుతో వచ్చిన నిమ్మళం మగ్గం మీద నాడె అటునుంచి ఇటు వచ్చేలోగా ఆరిపోయేది. ఆమె మళ్లీ వచ్చి నిలబడేది. నటేశన్ పని వదిలి లేచొచ్చి, ఆ పాలు తాను ఒక గుక్క తాగి చూపించేవాడు. పంకజమ్మ అడక్కముందే బూడిద అందించేది. చేద లాగితే కోకిల చేతులు నొప్పి పుడతాయని కాబోలు, బావి తన నీళ్లను అంచుదాకా ఎత్తి పట్టుకునేది. అందరూ ప్రేమతోనే చేశారు. చేసినకొద్దీ కోకిల భయం ముదిరింది. చేతులు బీటలు వారి నెత్తురు కారాయి. బావి నీళ్లు ఉప్పెక్కాయి.

చివరికి ఆమె పిల్లను ముట్టుకోవడం మానేసింది. చౌడీకి నడక వచ్చినప్పుడు మొదట పరుగెత్తింది తల్లి దగ్గరికే. కోకిల రెండు చేతులూ పైకెత్తుకుని గోడకు అంటుకుపోయింది. అదేదో ఆట అనుకుని పిల్ల నవ్వింది. కొన్నాళ్లకు నవ్వడం మానింది. ఆ తర్వాత రావడమూ మానింది.

తాయెత్తులు కట్టించారు. వేపమండలతో దిగదుడిచారు. ఏదీ పనిచేయలేదు. పంకజమ్మకు ఓపిక సన్నగిల్లింది. ఆమె కూతురు సెల్లమ్మ పలమనేరులో ఉంటుంది. పిల్లలు లేరు. మదరాసు నుంచి ఆంధ్ర విడిపోయాక పలమనేరు వేరే రాష్ట్రమైంది గాని, బస్సు మాత్రం అప్పటిలాగే పోతోంది.

"నాకు వయసైపోయె నాయనా. పిల్లను సెల్లమ్మ దగ్గర వదిలేద్దాం. యాడున్నా బతికుంటే సాలు" అని కొడుకుతో చెప్పింది. అక్కడైతే పిల్ల తెలుగు చదవడం, రాయడం కూడా నేర్చుకుంటుంది, మనకు నోటిమాట తప్ప అక్షరం రాదు గదా అని ఒక మంచి కూడా వెతికి చూపించింది.

తలుపు చాటునుంచి కోకిల అంతా విన్నది. పిల్ల తన చేతికి అందనంత దూరం పోతే బతుకుతుందని మొదట ఆమెకు నిమ్మళమైంది. ఆ నిమ్మళానికే భయపడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

నూలు తెచ్చి ఇచ్చే బాలసుబ్రమణ్యం ఆమె చేతులు చూసి, వేలూరులో తొరపాడి దాటినాక ఇలాంటివాళ్లకు వైద్యం చేసే చోటు ఉందని నటేశన్‌కు చెప్పాడు. పిల్లను పంపే మాట అరవల ఆడి నెల దాటేదాకా ఎత్తొద్దని నటేశన్ తల్లిని బతిమాలి, మగ్గం ఆపేసి, అందరినీ బస్సెక్కించాడు.

అక్కడ రోగితోపాటు ఇంటివాళ్లు కూడా ఉండాలట. వంటకు పొయ్యి ఉన్న ఒక గది ఇచ్చారు. పొద్దున లేచి చూస్తే బావి గది ముందుకు వచ్చి నిలబడి ఉంది. తోటమాలి దాని ఒర చుట్టూ ఊడ్చి వెళ్లిపోయాడు.

డాక్టరు ఆరోకియమేరి అరవ ఆవిడ. రోగుల దగ్గర నేర్చుకున్న తెలుగు. కోకిల ఎవరికీ చెప్పని తలపును ఆమె మెల్లగా చెప్పించింది. విని ఉలిక్కిపడలేదు.

"మిద్దె అంచున నిలబడితే దూకుదామా అని నాకూ ఒక్కోసారి తోస్తాది. ఛీ అనుకుని పోతా ఉంటాను. నువ్వు దాన్ని పోనీకుండా పట్టుకున్నావు. పిల్లంటే నీకు ప్రాణం, అందుకే ఆ తలపు నిన్ను అంత కొరుకుతా ఉండాది. నువ్వు చెడ్డదానివి కాదమ్మా. ఇది ఒక జబ్బు."

"కడుక్కుంటే పోతుంది గదమ్మా."

"పోతాది, మళ్లీ వస్తాది. గడపలోకి వచ్చిన కుక్కకు వచ్చినప్పుడల్లా ముద్ద వేస్తే అది యాడికి పోతాది?"

భయం వచ్చినప్పుడు కడుక్కోకుండా, ఎవరినీ అడక్కుండా కూర్చోవడమే వైద్యమని చెప్పింది. భయం పెరుగుతుంది, ఇక చచ్చిపోతాననిపిస్తుంది, కాని పెరిగి పెరిగి దానంతటదే దిగుతుంది. దిగడం ఒకసారి కళ్లారా చూస్తే మనసుకు నమ్మకం కుదురుతుంది. కోకిల అడిగితే జవాబు చెప్పొద్దని, బూడిద అందించొద్దని నటేశన్‌కు, పంకజమ్మకు చెప్పింది.

"అడిగితే ఏమనేది మరి?" అన్నాడు నటేశన్.

"నాకు తెలీదు, నీ పక్కన కూర్చుంటాను అనండి." డాక్టరమ్మ కిటికీలోంచి బయట బావి వైపు చూసింది. "అదీ మీ ఇంటిదే గదా. దానికి మాత్రం నువ్వే చెప్పుకోవాల కోకిలా."

సాయం వేసి, ఉతికి ఆరేసిన నూలుతో మొదలుపెట్టారు. డాక్టరమ్మ ముందు తాను పట్టుకుని, ఆ చేత్తోనే మురుకు తిన్నది. కోకిల పట్టుకుని, వెంటనే వదిలేసి, బయటికి పరుగెత్తింది. బావి ఎదురొచ్చింది. మోచేతుల దాకా ముంచి కడుక్కుని, ఒర మీద తల ఆనించి ఏడ్చింది. డాక్టరమ్మ కోప్పడలేదు. మళ్లీ పట్టుకోమంది. కొంత ఓర్చుకునేది, మళ్లీ ఓడిపోయేది. నటేశన్ కష్టం ఇంకోరకం. నోటి చివరికొచ్చిన "లేదులే" అన్న మాటను మింగడానికి అతను గది చుట్టూ తిరిగేవాడు. ఒక రోజు కోకిల కాళ్లు పట్టుకుని అడిగినా చెప్పలేదు. ఆమె పక్కన నేలమీద కూలబడి తానూ ఏడ్చాడు. ఆ పూట ఆమె భయం మొట్టమొదటిసారి, కడగకుండానే, దిగింది.

ఆడి ముగిసే వేళకు డాక్టరమ్మ, నూలు పట్టుకున్న చేత్తోనే పిల్లకు పాలు పట్టమంది. కోకిల పాలు కాచింది. గ్లాసులో పోసేటప్పుడు సగం ఒలికింది. చౌడీ నానమ్మ కుచ్చిళ్లు వదల్లేదు. పంకజమ్మ పిల్లను తెచ్చి కోడలి ఒడిలో కూర్చోబెట్టి, దూరంగా జరిగింది.

పిల్ల ఒక గుక్క తాగింది. కోకిలకు చెవుల్లో హోరు పుట్టింది. కలిపాను, కలిపాను అంటోంది లోపలి తలపు. బయట రాయి కదిలిన చప్పుడైంది. బావి గడపకు ఆనుకుని నిలబడింది. నీళ్లు అంచు దాటి పొర్లి, గదిలోకి పారి ఆమె పాదాలను తడిపాయి. వంగి చేతులు పెడితే చాలు. నటేశన్ పెదవి కొరుక్కున్నాడు.

"నువ్వు ఆడనే ఉండు" అంది కోకిల బావితో. "నాకు బయంగా ఉండాది. ఉండనీ."

నీళ్లు ఆగాయి. కాని వెనక్కి పోలేదు. పిల్ల పాలు తాగేసి, తల్లి ముఖంలోకి కాసేపు చూసి, ఆమె వేలు పట్టుకుని నోట్లో పెట్టుకుంది. కోకిల వేలు లాక్కోబోయి ఆగింది. ఒళ్లంతా చెమటలు పట్టాయి. పిల్ల వేలు చప్పరిస్తూనే నిద్రపోయింది. కోకిల కదలకుండా, దాని పొట్ట లేవడం, పడడం చూస్తూ కూర్చుంది. ఎండ గోడ మీదినుంచి జారిపోయింది. నేల ఆరింది. తాను ఎప్పటినుంచో చేతుల సంగతి తలుచుకోలేదని ఆమెకు తట్టేసరికి, బావి గడప దగ్గర లేదు. దూరాన అందరూ బట్టలుతుక్కునే బండ పక్కన నిలబడి ఉంది. ఎవరో ముసలమ్మ నీళ్లు తోడుకుంటోంది.

జబ్బు పూర్తిగా పోలేదు. తలపులు వస్తాయని, రానివ్వమని చెప్పి డాక్టరమ్మ వాళ్లను ఊరికి పంపింది. బస్సు కదిలేటప్పుడు కోకిల వెనక అద్దంలోంచి చూసింది. రోడ్డు ఖాళీగా ఉంది. గుడియాత్తం చేరాక కూడా కొన్నాళ్లు ఎదురుచూశారు. బావి రాలేదు. అది తొరపాడి దగ్గరే ఉందని, దాని నీళ్లు ఇప్పుడు తియ్యగా ఉన్నాయని బాలసుబ్రమణ్యం చెప్పాడు. పిల్ల ఇక రాదని తెలిసి పలమనేరునుంచి సెల్లమ్మ, దాని కోసం కుట్టి ఉంచిన పావడాలను బస్సు కండక్టరు చేత పంపించింది.

ఇంట్లో బావి లేదు గనక, నీళ్లకు వీధి చివర మునిసిపాలిటీ బావికి పోవాలి. దాని తాడు అందరి చేతుల్లోనూ నలిగేది, సాయం పిండిన చేతుల్లో కూడా. పంకజమ్మ తాను పోతానంటే కోకిల వద్దంది. చౌడీని చంకనెత్తుకుని, బిందె పట్టుకుని, ఆడవాళ్ల వరసలో నిలబడింది. ముందున్న తంగమ్మ తోడుకోవడం అయ్యాక, నీలం మరకలు పడిన తాడును ఆమెకు అందించి, "పట్టుకో అక్కా" అంది.

కోకిల పట్టుకుంది. తలపు రానే వచ్చింది. రానిచ్చి, పిల్లను దించి, చేద లాగింది. చౌడీ దోసిలి పట్టింది. కోకిల అందులోకి నీళ్లు వంచింది. పిల్ల తాగుతుంటే గుండె దడదడలాడుతూ చూస్తూ నిలబడింది. వెనకున్నావిడ తన వంతు అని గుర్తుచేశాక, బిందె నింపుకుని పక్కకు జరిగింది.