తువ్వాల కింద బేరం

ఇంకొక్కసారి వడకట్టాలి, చిన్న నలుసున్నా ఆయన గొంతు దిగదు, అనుకుంటూ మల్లుగుడ్డలోంచి జొన్నజావ పిండుతూనే రుక్మిణి వాకిలి వైపు చెవి పెట్టింది, టాక్సీ ఆగినట్టుంది, రామచంద్రాపురంలో ఆ పెద్ద ఫ్యాక్టరీ కట్టడం మొదలైననాటి నుంచి పట్నం రోడ్డు నిండా లారీలే, ఆలస్యమవుతుందనుకుంది, వచ్చేశాడే మరిది బద్రీనాథ్, వస్తూనే మంచం దగ్గరికి పోయి, అన్నా, పట్నం పోదాం, ముక్కుల నుంచి పైపు ఏసి పాలు పోస్తరంట, అని వీధి చివరికి వినపడేట్టు అరుపు, అయ్యో రాత, నాలుక పోయిన మనిషికి చెవులు కూడా పోతాయా, వచ్చిన ప్రతివాడూ ఇంతే, పాండురంగం సేటు కళ్లు మూసుకుని విసుక్కోవడం ఎవరికీ కనిపించదు, పెళ్లానికి తప్ప.

జర్దా పాన్ తెచ్చిపెట్టిన పుండు, నాలుకను తిని దవడకెక్కి, ఇప్పుడు మెడ మీద గడ్డై పగిలింది, పోయిన ఎండాకాలం పట్నం డాక్టరు ఆమెను పక్కకు పిలిచి, ఇగ కోసేదేం లేదమ్మా, ఇంటికి తీస్కపోయి నొప్పి లేకుండ చూస్కో, అన్నాడు, చూసుకుంటోంది మరి, ఎర్రమందు నీళ్లతో పుండు కడిగి, ఎండలో ఆరేసిన పాత చీర పేలికలు మార్చి, వాసన పీల్చేందుకు మంచం కింద గంపెడు బొగ్గులు పరిచి, మొన్న పక్కింటి ఆదిలక్ష్మి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వచ్చి, కాసేపు కూర్చున్నాక కొంగు దించి, వాసనే లేదేంది రుక్మిణక్కా, అంది, ఆ మాటకు కడుపు నిండిపోయింది, గర్వమే, ఎందుకుండకూడదు, కాంపౌండర్ ఐలన్న వచ్చి నొప్పికి సూది వేసిపోతాడు, తక్కినదంతా తనే.

నీ ఒక్కదానితోని ఏమైతది వదినా, రక్తం గిట్ల పడితే ఏం జేస్తవ్, అంటున్నాడు బద్రీ, ఆ మాట గుండెల్లో గుచ్చుకుంది, నిజమే, ఏం చేస్తుంది, ఐలన్న ముందే చెప్పాడు, ఒకనాడు పుండుల నరం తెగొచ్చమ్మా, నల్లగుడ్డలు దగ్గర పెట్టుకో, ఎర్రగ అగుపడితే సేటు పరేషాన్ అయితడు, అని, నల్ల దుప్పటి మడిచి మంచం పక్కనే పెట్టింది, కానీ ఆనాడు తన చేతులు వణికితే, పోనీ పంపేద్దామా, పట్టి ఉంచి తనే చంపుకుంటోందా, అసలు ఆయన్ని ఎవరడిగారు, తను మాత్రం అడిగిందా, బద్రీ, నీ అన్ననే అడుగు, అంది గట్టిగా.

ఎట్ల అడగాలె వదినా, మాట లేకపాయె, అని బద్రీ అంటుండగానే పాండురంగం చెయ్యి చాచి తమ్ముడి భుజం మీది తువ్వాల లాగాడు, బద్రీ ముఖం మారిపోయింది, సంగారెడ్డి గంజ్‌లో ధాన్యం బేరాలన్నీ అట్లాగే కదా, ఇద్దరి చేతుల మీద తువ్వాల కప్పి, ధర పైకి అనకుండా వేళ్లు పట్టి చెప్పుకోవడం, వద్దనుకుంటే చెయ్యి లాక్కోవడం, ఒప్పితే బిగించి పట్టుకోవడం, ఆడవాళ్లు దూరం నుంచి చూడాల్సిందే, బద్రీ తువ్వాల కింద అన్న చెయ్యి పట్టుకుని, పట్నం, అన్నాడు, ఈసారి మెల్లగా, పాండురంగం చెయ్యి లాక్కున్నాడు, పైపు ఏస్తే ఇంకొన్ని దినాలు బతుకుతవన్నా, మళ్లీ లాక్కున్నాడు, ఓహో, గంజ్‌లో ఎంత మొండివాడో ఇక్కడా అంతే, మరి ఇంట్లనే ఉంటవా, వదిన దగ్గర, అంటూ బద్రీ మళ్లీ చెయ్యి పట్టబోతుంటే, ఆయన తువ్వాలను పక్కకు తోసేసి, తమ్ముడు చూస్తుండగానే, మంచం పక్కన నిలబడ్డ రుక్మిణి చెయ్యి అందుకుని బిగించి పట్టుకున్నాడు.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఒకరి ముందు ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నది లేదు, అమ్మో, ఈ ఎముకల చేతికి ఎంత బలం, టాక్సీని పంపిచ్చొస్త వదినా, నేను గూడ ఈడనే ఉంట, అంటూ బద్రీ కళ్లు తుడుచుకుని బయటికి పోయాడు, ఆమెకు మాత్రం ఏడుపు రాలేదు, వెన్ను నిటారైంది, పెద్ద పెద్ద సేట్లు కాచుక్కూర్చున్నా గింజ కొరికి చూడందే ఒప్పుకోని మనిషి, ఇన్ని నెలలుగా మంచంలోంచే ఆమెను చూస్తున్నాడు, కడగడం, వడకట్టడం, మడవడం, అన్నీ చూసి చూసి, ఇప్పుడు తన చావును నమ్మకంగా ఆమె చేతిలో పెట్టాడు.